ఏ కల్లని అడగలేదు

శ్రీహరి మాల వేసుకున్నాడన్న కబురు ప్రవళికకు కోరుట్ల బస్టాండు దగ్గరే అందింది. బస్సు దిగి, చున్నీ నెత్తి మీదికి లాక్కుని సందులోకి మళ్లుతుంటే ఫోన్ మోగింది. అవతల శ్రీహరి భార్య లత.

"మేడం, మీరు సల్లగుండాలె. మంగళారం నాడు మాయన హనుమాన్ మాల ఏసుకున్నడు. గప్పటి సంది కల్లు సుక్క ముట్టలే. పీఠం కాన్నే ఉంటున్నడు."

"మంచి మాట చెప్పినవ్ లతా."

"జర ఒణుకుతున్నడు మేడం. నిద్ర గూడ పడతలేదట. రెండు పూటల బాయి నీళ్లు పోసుకునుడు కద, కొత్తల గంతేనా?"

"గంతే. పానం అలవాటు పడాలె కద."

అలా అనేసి ఫోన్ సంచిలో వేసుకుంది. ఆ రోజు శుక్రవారం. ఎండ అప్పటికే తారు రోడ్డును మెత్తబరుస్తోంది. ప్రవళిక మెట్లెక్కుతూ తనకు తెలియకుండానే నవ్వుకుంది.

ఎరువుల దుకాణం మీది అంతస్తులో రెండు గదుల్లో ఒక సంస్థ నడిపే కౌన్సెలింగ్ కేంద్రం అది. కింది నుంచి యూరియా వాసన ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. మగవాళ్లు దుబాయికో మస్కట్‌కో పోతే ఇంట్లో ఒంటరిగా మిగిలి గుండె దడతో వచ్చే ఆడవాళ్లు, అక్కడి నుంచి తిరిగొచ్చి ఇక్కడ కుదురుకోలేని మగవాళ్లు, తాగుడు మానలేనివాళ్లు వస్తారు. ప్రవళిక వాళ్లతో మాట్లాడుతుంది. పక్క గదిలో దావీదు ఉంటాడు. ఎల్లంతకుంట మనిషి, వయసులో పెద్దవాడు, పట్నంలో మానసిక దవాఖానలో చాలా కాలం నర్సుగా చేసి వచ్చాడు. ప్రతి గురువారం జగిత్యాల నుంచి డాక్టరు తిరుమల వచ్చి మందులు రాసిపోతుంది. ఆమెతోపాటే మందుల పెట్టె వస్తుంది, ఆమెతోపాటే పోతుంది.

ప్రవళిక దగ్గర కూర్చున్నవాళ్లు మాట్లాడతారు. అది ఆమెకున్న గుణం. తొందరపెట్టదు. మాట మధ్యలో ఆగిపోతే నింపదు, ఊరుకుంటుంది. శ్రీహరి మొదట వచ్చినప్పుడు బండరాయిలా కూర్చున్నాడు. తర్వాత ఒకసారి నోరు తెరిచాడు. పడుచుతనంలో సిరిసిల్లలో సాంచల మీద పనిచేశాడట, అంటే మరమగ్గాల మీద. రాత్రింబగళ్లు ఆ చప్పుడులోనే నిద్రపోయేవాడట. మస్కట్ పోయాక గదిలో ఏ చప్పుడూ లేక నిద్ర పట్టేది కాదట. "సప్పుడు లేకుంటే నాకు బుగులయితది మేడం," అన్నాడు. తిరిగొచ్చాక ఆ బుగులును, ఆ భయాన్ని, కల్లులో ముంచడం మొదలుపెట్టాడు. ఆ మాట చెప్పించడానికి ఆమె ఎంత ఓపిక పట్టిందో ఆమెకే తెలుసు.

పోయిన వారం అతను అడిగాడు, "నా మీద నాకు నమ్మకం లేదు. ఎట్ల మానాలె?" అని.

"దేవుని మీద నమ్మకం ఉన్నదా?" అంది ప్రవళిక. "మాల ఏసుకో. మాల మెడల ఉన్నన్ని రోజులు మొగులు ఇరిగి మీద పడ్డా తియ్యకు."

దావీదు ఛాయ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె ఆగలేక చెప్పేసింది.

"అన్నా, శ్రీహరి మాల ఏసుకున్నడట. కల్లు బంద్."

"ఎవలు, గా మస్కట్ శ్రీహరా?"

"ఆఁ. నేనే చెప్పిన."

"అబ్బో. ఇగ డాక్టరమ్మతోటి పనేమున్నది. కొండగట్టు అంజన్న, నువ్వు, మీ ఇద్దరు సాలు. నేను గూడ ఇంటికి పోయి ఎవుసం చేసుకుంట."

నవ్వుకున్నారు. దావీదు గ్లాసు పెదాల దాకా తీసుకెళ్లి ఆపాడు.

"ఏ కల్లు తాగుతుండె?"

"కల్లంటే కల్లే. దుకాణం కాడ."

"చెట్టు కల్లా, మందు కల్లా?"

ప్రవళిక అది అడగలేదు.

బీర్పూర్‌లో వాళ్ల నాయిన ఏటా ఎండాకాలం మాల వేసుకునేవాడు. మండలం రోజులూ కల్లు ముట్టేవాడు కాదు. ఏమీ కాలేదు. ఆయన తాగింది పొలం గట్టు మీది తాటిచెట్టు కల్లు. దించిన కల్లు చాలక కొన్ని దుకాణాల్లో నీళ్లలో నిద్రమాత్రల మందు కలిపి సీసాల్లో పోస్తారు. దానికి అలవాటుపడ్డ ఒంటికి ఒక్కసారిగా అది ఆపేస్తే నరాలు తిరగబడతాయి. ఒణుకు, చెమట, నిద్ర లేకపోవడం, లేనిది కనబడటం, ఆఖరికి ఫిట్స్. డాక్టరు చేతిలో కొద్దికొద్దిగా తగ్గించాలి తప్ప తెంపకూడదు. ప్రవళిక ఇది చదువుకుంది, పరీక్షలో రాసింది కూడా. కానీ మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు చదువు గుర్తు రాలేదు, నాయిన గుర్తుకొచ్చాడు.

"పొద్దుగాల లేవంగనే తాగుతుండెనా?" దావీదు గొంతు తగ్గించి అడిగాడు.

"తాగుతుండె. తాగకుంటే గ్లాసు పట్టరాదన్నడు." ప్రవళిక కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "నేను గది బాధ కొద్ది అంటున్నడనుకున్న అన్నా. ఇప్పుడే లత ఫోన్ చేసింది. ఒణుకుతున్నడన్నది. నిద్ర లేదన్నది. గంతే అని చెప్పిన."

ఎందుకు అడగలేదని దావీదు అనలేదు. గ్లాసు కింద పెట్టాడు. చొక్కా జేబు తడుముకుని బండి తాళం చెవి చూసుకున్నాడు.

"లతకు ఫోన్ చెయ్యి."

ఈసారి లత చాలాసేపటికి ఎత్తింది. వెనక నుంచి భజన, డప్పు, కొబ్బరికాయ పగిలిన చప్పుడు.

"మేడం, మాయన మీదికి దేవుడచ్చిండు." ఆ గొంతులో గర్వముంది, దాని కింద ఏడుపుంది. "చేతులతోటి గాలిల ఏందో రాత్తున్నడు. మంది అందరు అచ్చి మొక్కుతున్నరు. నన్ను గుర్తు పడతలేడు మేడం. నా మొఖం సూత్తున్నడు గని నేను ఎవలనో తెల్వదు."

"లతా, ఇను. గది దేవుడు కాదు. పానం బాగలేదు. నేను అస్తున్న. ఆయనను ఒక్కన్ని ఇడువకు."

"బాయి కాడికి తీస్కపోతమంటున్రు మేడం. నీళ్లు పోత్తె సల్లవడతడని గురుస్వామి అన్నడు."

"బాయి కాడికి వద్దు. లతా, నీళ్ల కాడికి పోనియ్యకు."

"నా మాట ఎవలింటరు మేడం," అంది లత. ఫోన్ డప్పు చప్పుడులో కలిసిపోయింది.

దావీదు మెట్లు దిగుతూనే డాక్టరుకు ఫోన్ చేశాడు. స్పీకరులో ఆమె మాట వినబడింది. "ఫిట్స్ రావచ్చు దావీదూ. నోట్లో ఏమీ పెట్టనీయకండి. అంబులెన్స్ కోసం ఆగకండి, ఏది దొరికితే అందులో జగిత్యాలకు తీసుకురండి. నేను దవాఖానలోనే ఉంటాను."

శ్రీహరి ఊరు కోరుట్లకు మరీ దూరమేమీ కాదు. అయినా ఆ దారి తెగలేదు. పసుపు తవ్విన చేన్లు దుమ్ము లేపుతున్నాయి. వెనక కూర్చున్న ప్రవళిక కళ్ల ముందు నీళ్లే ఉన్నాయి. బావిలో కాషాయ బట్ట తేలుతున్నట్టు ఒకసారి కనిపించి కళ్లు గట్టిగా మూసుకుంది. మూసుకుంటే ఇంకా బాగా కనబడింది.

"అన్నా, ఏమన్న అయితే?"

"అయితే అప్పుడు మాట్లాడుదాం. ఇప్పుడు తొవ్వ చెప్పు."

"ఎడమకు." కాసేపు ఊరుకుంది. "నీకు భయమైతలేదా?"

దావీదు ఎడమ చెయ్యి హ్యాండిల్ మీంచి తీసి చూపించాడు. వేళ్లు ఆడుతున్నాయి. మళ్లీ పట్టుకున్నాడు.

"గీ దిక్కు మందు కల్లు సంగతి నీకెరుకే అనుకున్న. పక్క గదిల కూసుండి ఒక్కనాడన్న చెప్పలే. గది నా తప్పు. నీ తప్పు నీది. ఇంటికి పోయినంక పంచుకుందాం లే చెల్లె."

ఆ మాటకు ఆమె భయం తగ్గలేదు. కానీ దాన్ని ఒక్కతే మోయడం లేదని మాత్రం అనిపించింది.

పీఠం ఊరి బయట మామిడి తోటలో ఉంది. రేకుల పందిరి, అరటి పిలకలు కట్టిన గుంజలు, లోపల పటం. అక్కడ ఎవరూ లేరు. దీపం ఒక్కటే వెలుగుతోంది. మంది అంతా తోట అవతల బావి దగ్గర ఉన్నారు.

పాతకాలపు పెద్ద బావి. నాలుగు మూలల చెక్కిన రాళ్లు, ఒక పక్క దిగడానికి మెట్లు. ఎండాకాలం కనుక నీళ్లు లోతుకు పోయి నల్లగా ఉన్నాయి. మెట్ల సగంలో శ్రీహరిని నిలబెట్టారు. ఒక పక్క లత తమ్ముడు రవి రెక్క పట్టుకున్నాడు, ఇంకో పక్క మాల వేసుకున్న మరో మనిషి. శ్రీహరి ఒళ్లంతా చెమట. కాషాయ లుంగీ కాళ్లకు అతుక్కుపోయింది. కళ్లు ఎర్రగా, రెప్ప వెయ్యకుండా ఎక్కడో చూస్తున్నాయి. చేతులు మాత్రం ఆగడం లేదు. బొటనవేలు, చూపుడువేలు గాలిలో ఏదో పట్టుకుంటున్నాయి, మెలిపెడుతున్నాయి, వదులుతున్నాయి, మళ్లీ వెతుక్కుంటున్నాయి.

గట్టు మీద ఆడవాళ్లు చేతులు జోడించారు. "రామకోటి రాత్తున్నడు," అని ఒకామె పక్కామెకు చెబుతోంది.

ప్రవళిక ఆ వేళ్లను చూసింది. వాటిని ఆమె ఇదివరకు చూసింది. బల్లకు అవతల కూర్చుని, సాంచ మీద పోగు తెగితే ఎలా అతకాలో చేసి చూపించాడు శ్రీహరి. సరిగ్గా అలాగే.

"పోగులు అతుకుతున్నడు అన్నా," అంది గుసగుసగా. "సిరిసిల్లల ఉన్నననుకుంటున్నడు."

మెట్ల మొదట్లో గురుస్వామి మొండయ్య అడ్డం నిలబడ్డాడు. ముసలాయన, ఎండిన తుమ్మ కట్టెలా గట్టి మనిషి. చాలా ఏండ్లుగా మాల వేయిస్తున్నవాడు.

"ఎవలు బిడ్డా మీరు?"

"కోరుట్ల కౌన్సెలింగ్ సెంటర్ సంది అచ్చినం స్వామీ. నేను ప్రవళికను. గీయన మా నర్సు, దావీదు."

దావీదు అన్న పేరు విని మొండయ్య అతన్ని కాళ్ల నుంచి తల దాకా చూశాడు. మంది కూడా చూశారు. దావీదు అలాగే నిలబడ్డాడు.

"చెప్పులు ఇడ్సి రా," అన్నాడు మొండయ్య ఆఖరికి.

ఇద్దరూ చెప్పులు విడిచారు. గట్టు రాయి అరికాళ్లను కాల్చింది.

"స్వామీ, ఆయనను మీదికి తేవాలె," అంది ప్రవళిక. "మూర్ఛ అస్తది. నీళ్లల్ల అత్తె బతుకడు."

"దేవుడచ్చిన మనిషికి మూర్ఛేంది," అన్నాడు కింది నుంచి రవి. "బావ ఇన్నొద్దులు కుక్క లెక్క ఏడ పడితె ఆడ పడుండె. ఇయ్యాల ఊరు కాళ్లు మొక్కుతున్నది. మీకు మంచిగనిపిత్తలేదా?"

"రవీ, నేను దిగుత. జరుగు."

"ఆడపోరివి నువ్వెందుకు దిగుతవ్? జారి పడితె గది గూడ మా మీదికే అత్తది."

ప్రవళికకు ఈత రాదు. చున్నీ నడుముకు చుట్టుకుని, గోడ రాళ్లు పట్టుకుంటూ దిగింది. పాచి ఎండి పొడిపొడిగా రాలుతోంది. వెనకాలే దావీదు దిగుతున్నాడని అతని ఊపిరి చెప్పింది. శ్రీహరికి ఒక మెట్టు పైన కూర్చుంది, నిలబడలేదు.

"శ్రీహరీ."

అతను చూడలేదు. వేళ్లు ఆడుతున్నాయి.

"నేను ప్రవళికను. కోరుట్ల."

"తెగుతున్నయ్," అన్నాడు. గొంతు గీసుకుపోయింది. "అన్ని పోగులు తెగుతున్నయ్. సేట్ అత్తడు. సప్పుడు ఇనబడతలేదా? సాంచ ఆగుతలేదు."

అవునంటే అబద్ధం. కాదంటే అతను ఒంటరివాడవుతాడు.

"నాకు ఇనబడతలేదు. పోగులు గూడ నాకు కనబడతలేవు. గని నువ్వు భయపడుతున్నవ్, గది కనబడుతున్నది. నేను గీన్నే కూసుంట."

వేళ్లు ఒక్కసారి ఆగాయి. అతని చూపు ఎక్కడి నుంచో నడిచి వచ్చినట్టు వచ్చి ఆమె మొహం మీద పడింది.

"మేడం?"

"ఆఁ."

"గిది ఏ ఊరు?"

"మీ ఊరే. మామిడి తోట బాయి. నీ పానం మంచిగలేదు. మీదికి పోదాం. దవాఖానకు పోదాం."

అతని చెయ్యి మెడలోని మాల మీదికి పోయింది. గట్టిగా పట్టుకున్నాడు. కళ్లలో భయం ఇంకో రంగుకు మారింది.

"దవాఖానల మాల తీపిత్తరు. తియ్య. మీరే చెప్పిన్రు కద. మొగులు ఇరిగి పడ్డా తియ్యొద్దన్నరు." గొంతు పెరిగింది. "తీత్తె మళ్ల తాగుత. మీరే చెప్పిన్రు."

ఒక మెట్టు కిందికి జరిగాడు. రవి పట్టు జారింది. గట్టు మీద లత అరిచింది.

ప్రవళికకు అప్పుడు తెలిసింది, అతన్ని ఆ నీళ్ల వైపు నెడుతున్నది దేవుడూ కాదు, రవీ కాదు. తన మాట. దాన్ని తీయగలిగింది కూడా తనే. కానీ తీయాలంటే ఇంతమంది ముందు చెప్పాలి. పైన గట్టు నిండా మనుషులు. వాళ్లలో ఎవరైనా ఒక్కరు రాయి అందుకుంటే చాలు.

"శ్రీహరీ, ఇను. గా మాట నేను తప్పు చెప్పిన."

పైన గుసగుసలు ఆగిపోయాయి.

"నువ్వు తాగేది మందు కల్లా, చెట్టు కల్లా అని నేను అడుగలే. అడిగి ఉంటే మాల ఏసుకొమ్మని చెప్పేదాన్ని కాదు. మందు కల్లు ఒక్కపారే ఆపితె గిట్లనే అయితది. నీ తప్పు కాదు. దేవునికి కోపం రాలే. నేను అడుగలే."

రవి ఆమె వైపు తిరిగాడు. కణతలు ఉబ్బాయి. "అంటె నువ్వు చెప్పవట్టా మా బావకు గిట్లయింది? మా బావకు ఏమన్నయితె నిన్ను..."

"తిట్టు తర్వాత," అన్నాడు దావీదు వెనక నుంచి, నెమ్మదిగానే. "ముందుగాల ఆ రెక్క పట్టు తమ్మీ. ఇడిసినవ్ సూడు."

రవి చప్పున పట్టుకున్నాడు.

శ్రీహరి ప్రవళికనే చూస్తున్నాడు. నమ్మాలో వద్దో తెలియని పసిపిల్లవాడి చూపు. ఆ చూపు మెల్లగా పైకి, మొండయ్య దాకా పోయింది. ప్రవళిక కూడా తల ఎత్తింది. ఇక తన చేతిలో ఏమీ లేదు.

ముసలాయన మెట్లు దిగి వచ్చాడు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెడుతూ.

"స్వామీ," అన్నాడు శ్రీహరితో. మాల వేసుకున్న మనిషిని అలాగే పిలవాలి. "మాల మెడల ఉండంగనే దవాఖానకు పో. వాళ్లు తియ్యుమంటె గది నాకిచ్చి పంపు. నా కాడ ఉంటది. పానం బాగైనంక మళ్ల నేనే ఏత్త. దీక్ష తప్పలే, ఆగింది. గంతే."

శ్రీహరి చెయ్యి మాల మీంచి జారింది. ఒక మెట్టు పైకి ఎక్కాడు. ఇంకొకటి ఎక్కాడు. ప్రవళిక వెనక్కి వెనక్కి ఎక్కుతూ అతని మొహమే చూస్తోంది. గట్టు అందుకోబోతుండగా ఆ మొహం మారింది. మెడ ఒక పక్కకు మెలిపడింది. గొంతులోంచి మనిషి చప్పుడు కానిది ఏదో వచ్చింది.

"పట్టుకోర్రి," అని దావీదు అన్నాడు. నలుగురూ పట్టుకున్నారు. ఒళ్లు కొయ్యబారి, తర్వాత కొట్టుకోవడం మొదలైంది. గట్టు మీద మట్టిలోకి లాగారు. ఇంకో రెండు మెట్లు కింద ఉండి ఉంటే నలుగురూ నీళ్లలో ఉండేవాళ్లు.

ఎవరో తాళం చెవుల గుత్తి తెచ్చి చేతిలో కుక్కబోయారు. ఎవరో ఉల్లిగడ్డ అన్నారు. ఎవరో పండ్ల మధ్య కట్టె పెట్టమన్నారు. "ఏం వద్దు," అంది ప్రవళిక. అతన్ని పక్కకు తిప్పి, తల కింద తన చున్నీ మడిచి పెట్టింది. "గాలి రానియ్యిర్రి. జరుగుర్రి." నురగలో ఎరుపు కలిసింది. లత మోకాళ్ల మీద పడి చూస్తోంది. ఏడవడం కూడా మరిచిపోయింది.

కొట్టుకోవడం ఆగింది. ఊపిరి కూడా ఆగిందనిపించింది. ప్రవళిక తన చెంప అతని ముక్కు దగ్గర పెట్టింది. ఏమీ తగల్లేదు. మామిడి చెట్ల మీద చిలకల అరుపు తప్ప లోకంలో ఇంకో చప్పుడు లేదు. అప్పుడు గురగురమని ఒక పొడుగాటి ఊపిరి వచ్చి ఆమె చెంపను తడిపింది.

ఎవరిదో ట్రాలీ ఆటో తెచ్చారు. గడ్డి పరిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టారు. మెడకు బిగుసుకోకుండా మొండయ్య మాల తీసి కళ్లకద్దుకుని తన భుజం మీది తువ్వాలలో కట్టుకున్నాడు. లత, ప్రవళిక లోపల కూర్చున్నారు. ముందు దావీదు బండి. దారి పొడుగునా ప్రవళిక శ్రీహరి ఛాతీ లేవడం, పడటం చూస్తూనే ఉంది. కళ్లు తిప్పితే అది ఆగిపోతుందేమో అన్నట్టు చూసింది. జగిత్యాల పొలిమేర వచ్చాక లత అంది.

"పొద్దుగాల నేను ఒణుకుతున్నడని చెప్పిన మేడం."

"చెప్పినవ్ లతా."

"మీరు గంతే అన్నరు."

"అన్న."

లత మొహం తిప్పుకుంది. కానీ భర్త తల జారకుండా ప్రవళిక పట్టుకున్న చేతిని తోసెయ్యలేదు.

దవాఖానలో ఇంజెక్షను పడ్డాక శ్రీహరి వేళ్లు మొదటిసారి పూర్తిగా ఆగాయి. మంచం పక్కన నిలబడి డాక్టరు తిరుమల నాడి చూసింది, కనురెప్పలు ఎత్తి చూసింది. "ఇయ్యాల, రేపు గడవాలి. కానీ సమయానికి తెచ్చారు," అంది. ప్రవళిక గోడకు ఆనుకుంది.

వరండాలోకి వచ్చాక డాక్టరు దావీదును అడిగింది. "ఒక్కసారి ఎందుకు ఆపాడు? మన దగ్గరికి వస్తున్న మనిషే కదా."

దావీదు ప్రవళిక వైపు చూశాడు. ఆమెకు బదులు తను చెప్పలేదు. ఆమెను దాచనూ లేదు. ఊరికే ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

చెప్పకపోయినా నడిచిపోతుందని ప్రవళికకు తెలుసు. మాల వేసుకున్నాడు, మానేశాడు, ఊళ్లలో జరిగేదే. ఉద్యోగం కొత్తది. ఇంట్లో ఆమె జీతం తప్ప ఇంకో ఆధారం లేదు.

"నేనే చెప్పిన మేడం," అంది. "మాల ఏసుకోమని. ఏ కల్లని అడుగలే. ఇయ్యాల పొద్దుగాల ఒణుకుతున్నడని ఆయన భార్య చెప్పినా పట్టించుకోలే."

డాక్టరు కోప్పడుతుందనుకుంది. ఆమె కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. మొహంలో కోపానికంటే చల్లటిది ఏదో కదిలింది.

"ప్రవళికా, ఈ మాట ఇంకెవరికన్నా చెప్పావా?"

వరండాలో ఫ్యాను తిరుగుతోంది. ప్రవళికకు ఇంకో మనిషి గుర్తొచ్చాడు. చెప్పింది. తన ఊళ్లోనే. పోయిన ఆదివారం బీర్పూర్‌లో ఇంటికి పోయినప్పుడు చందు వచ్చాడు, వరసకు తమ్ముడు. తల్లి లచ్చవ్వ తప్ప ఎవరూ లేనివాడు. అక్కా, కల్లు ఇడిసిపెట్టాలె, తొవ్వ చెప్పు అన్నాడు. శ్రీహరికి చెప్పినట్టే చెప్పింది. అతన్ని కూడా అడగలేదు.

ఫోన్ తీసింది. పేరు వెతకడానికి వేళ్లు కుదరలేదు. దావీదు ఫోన్ తీసుకుని, "ఏం పేరు చెల్లె?" అని అడిగి, కలిపి ఇచ్చాడు.

మోగింది. మోగింది. ఎత్తలేదు. మళ్లీ కలిపాడు. అవతల చాలాసేపటికి గొంతు వినబడింది.

"అక్కా." చందు నవ్వడానికి చూస్తున్నాడు. "నేనే చేద్దామనుకున్న. రేపు మాల ఏసుకుంటున్న. నిన్న పొద్దుగాల్నే బంద్ చేసిన తియ్. నువ్వు చెప్పినట్టే."

"చందూ, నువ్వు తాగేది చెట్టు కల్లా, మందు కల్లా?"

"దుకాణం కల్లక్కా. మందు కల్లే. ఎందుకు?"

"చేతులు ఎట్లున్నయ్?"

ఊపిరి మాత్రం వినబడుతోంది, పొట్టి పొట్టిగా. ఫోన్ అతని చెవి పోగుకు తగిలి టకటకమని చిన్న చప్పుడు చేస్తోంది, ఆగకుండా.

"ఒణుకుతున్నయక్కా," అన్నాడు చందు. ఈసారి నవ్వలేదు. "గోడల చీమలు పారుతున్నయ్. అమ్మకు కనబడతలేవంటున్నది. నాకేమైతున్నదక్కా?"

డాక్టరు తన కారు తాళం చెవి దావీదు చేతిలో పెట్టి, మందుల పెట్టె కోసం లోపలికి నడిచింది. దావీదు అప్పటికే మెట్ల వైపు తిరిగాడు.

"నీకేమైతున్నదో నాకెరుకే చందూ. వచ్చినంక చెప్త," అంది ప్రవళిక, మెట్లు దిగుతూ. "బండి ముట్టకు. నీళ్ల కాడికి, పొయ్యి కాడికి పోకు. లచ్చవ్వ పెద్దమ్మను పక్కకు కూసోమను. ఫోన్ పెట్టకు, నాతోటి మాట్లాడుకుంటనే ఉండు. మేం అస్తున్నం."